గుమ్మానికి కట్టిన ముల్లు

అనగనగా ఒక రాజ్యం. ఎంత పెద్ద రాజ్యమనుకున్నారు? మూడో తరగతి చదివే పిల్లంత!

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆ రాజ్యం పేరు కనకమహాలక్ష్మి. మనిషి కంటే పేరే పొడుగు కాబట్టి ఇంట్లో అందరూ కనకం అనేవారు. ఆ పిల్ల గెంతితే రాజ్యమంతా గెంతేది. పక్కకి ఒత్తిగిలితే రాజ్యమంతా ఒత్తిగిలేది. తన లోపల కోటానుకోట్ల ఇళ్ళున్నాయనీ, ఇంటింటా ఒక ఇల్లాలుందనీ ఆ పిల్లకు తెలియదు. మీ లోపలా ఉన్నాయి. మీకు మాత్రం తెలుసా?

ఆ ఇళ్ళని చదువుకున్నవాళ్ళు జీవకణాలంటారు. మనం ఇళ్ళనే అనుకుందాం. ఆవగింజ మీద ఊళ్ళకు ఊళ్ళే పట్టేటంత చిన్న ఇళ్ళు.

మరి ఇన్ని ఇళ్ళకు రాజెవరు? పైన కపాలమనే కోటలో మెదడు కొలువుంది. తానే రాజునని దాని నమ్మకం. పోనీలెండి, అనుకోనివ్వండి. అసలు ఆ రాజ్యాన్ని నడిపించేది మాట. ఇంటి నుంచి ఇంటికి వెళ్ళే మాట.

అక్కడ మాటంటే మన మాటలా కాదు. వాళ్ళకు నోళ్ళు లేవు, చెవులు లేవు. ఏదైనా చెప్పాలంటే ఒక బుల్లి తాళంచెవి తయారుచేసి వీధిలోకి వదిలేవారు. ప్రతి ఇంటి గోడ నిండా తాళాలే. వచ్చిన తాళంచెవి ఏదో ఒక తాళంలో సరిగ్గా కూర్చుందా, లోపలికి కబురు అందినట్టే! కూర్చోలేదా, ఆ కబురు ఆ ఇంటిది కాదు, తేలుతూ ముందుకు పోయేది. పక్కింటికి చెప్పాలంటే వీధిలో వదిలితే చాలు. దూరదేశానికి చెప్పాలంటే నెత్తుటి ఏట్లో వేయాలి. "అన్నం వచ్చింది, తలుపులు తీయండహో" అన్న కబురు కడుపు పక్కన బయలుదేరి కాలి బొటనవేలి దాకా ఈదుకుంటూ వెళ్ళేది! ఆ తాళంచెవులన్నిటినీ నేను మీకోసం మాటలుగా మార్చి చెబుతున్నాను. వినండి.

ఇన్ని మాటలున్నా ఆ రాజ్యానికి ఒక చిక్కుండేది. గోడల చాటున ఏ ఇంట్లో ఏం జరుగుతోందో బయటివారికి కనపడదు. అందుకని పూర్వులు ఒక ఆచారం పెట్టారు. ఇంట్లో ఏం వండినా సరే, దాని పిసరొకటి గుమ్మానికి తోరణంలో కట్టాలి. కాపలాభటులు వీధి వెంట వస్తూ ప్రతి తోరణాన్నీ తడిమి చూసేవారు. సొంత వంటైతే "చల్లగా ఉండు తల్లీ" అని సాగిపోయేవారు. పరాయి వంట చేతికి తగిలిందా, ఆ ఇల్లు మూతపడేది. మూతపడడమంటే మళ్ళీ తెరవడం ఉండదర్రా. ఇల్లూ ఉండదు, ఇల్లాలూ ఉండదు.

కఠినమైన ఆచారమే. ఎందుకు పెట్టారో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఆ రాజ్యంలో గొంతుక వాడ అని ఒక వీధి. అక్కడ ఇంటింటి కప్పు మీదా చీపుళ్ళుండేవి. గాలితో వచ్చిన దుమ్మునీ ధూళినీ పైకి పైకి ఊడ్చి పారేయడం ఆ వీధివారి పని. ఎవరికి తోచినట్టు వారు ఊడవరు. పక్కింటి చీపురు ఊగగానే ఈ ఇంటి చీపురు, దాని వెంట ఆ పై ఇంటి చీపురు! గాలికి వరిచేను తలలూపినట్టు వీధి వీధంతా ఒకే ఊపులో ఊగేది.

ఆ వీధి చివర నూకాలు ఇల్లు. దాన్ని ఆనుకుని ఆమె చెల్లెలు పైడి ఇల్లు. రెండిళ్ళకూ మధ్య గోడలో చిన్న కిటికీ. ఉప్పైనా, పప్పైనా, నవ్వైనా, నిట్టూర్పైనా అందులోంచే అటూ ఇటూ వెళ్ళేవి. పైడి అక్కని "అప్పా" అని పిలిచేది. వాళ్ళ వైపు పిలుపు అదే.

ఇలా ఉండగా, ఒక వానాకాలపు రోజున కనకం బడిలో ఏం చేసిందో తెలుసా? తెగ తుమ్ముతున్న స్నేహితురాలితో పుల్ల ఐస్ పంచుకుంది. ఒకసారి నువ్వు చప్పరించు, ఒకసారి నేను!

ఐసుతో పాటు ముళ్ళ టోపీలు పెట్టుకున్న దొంగలు కొందరు గొంతుక వాడలోకి జారారు. చీపుళ్ళు ఊరుకుంటాయా? ఊడ్చాయి, ఊడ్చాయి, అందరినీ బయటికి ఊడ్చి పారేశాయి. ఒక్కడు మాత్రం గోడ వారన నక్కి మిగిలిపోయాడు.

ఆ ముళ్ళ టోపీవాడి దగ్గర కత్తి లేదు, కటారి లేదు. పొయ్యి లేదు, గిన్నె లేదు. వాడు సొంతంగా బతకనైనా లేడు. వాడికి వచ్చిన విద్య ఒక్కటే. పరాయివాళ్ళ పొయ్యి మీద తనను తానే వండించుకోవడం! ఒక్కడుగా దూరి వందమందిగా బయటికి రావడం! వాడి టోపీ మీది ముళ్ళున్నాయే, అవి ఒట్టి ముళ్ళు కావు. ఆ వీధి తాళాలకు సరిపోయే దొంగ తాళంచెవులు.

వీధి మొదట్లో గవరమ్మ ఇల్లు. ఆవిడ తోరణం చూస్తే ఎప్పుడూ పెళ్ళివారిల్లే. ముళ్ళ టోపీవాడు ముల్లు తిప్పాడు, తలుపు తెరుచుకుంది, లోపల దూరాడు. గవరమ్మ పొయ్యి మీద వాడి వంట మొదలైంది.

"అయ్యో, ఇదేం వంట!" అని గవరమ్మ కంగారుపడింది. ముల్లు పిసరొకటి తీసి తోరణానికి కట్టబోయింది.

వాడు మెల్లగా అన్నాడు: "అది గుమ్మానికి కడితే నలుగురూ ఏమనుకుంటారు గవరమ్మగారూ? ఇంత పరువైన ఇంట్లో దొంగ పడ్డాడంటే తల ఎక్కడ పెట్టుకుంటారు? అసలు ఇవాళ్టికి తోరణమే తీసేయండి."

గవరమ్మకు పరువంటే ప్రాణం. తోరణం తీసేసింది. ఇరుగుపొరుగుకు ఒక్క కబురైనా పంపలేదు. తోరణం లేని గుమ్మాన్ని చూస్తే అనుమానపడే ముసలి భటులు ఉన్నారు గానీ, వాళ్ళు వీధిలోకి వచ్చేలోపే ఇల్లు బుడగలా ఉబ్బి పగిలిపోయింది. గవరమ్మ పోయింది, పరువూ పోయింది. వందమంది ముళ్ళ టోపీవాళ్ళు వీధిలో పడ్డారు!

వాళ్ళలో ఒకడు నడివీధిలో చిన్నాలు ఇంట్లో దూరాడు. చిన్నాలు ఆకు కదిలినా అదిరిపడే మనిషి.

"తోరణం తీసేస్తే ముసలి భటులకి అనుమానం వస్తుంది, కొత్త పిసరు కడితే కుర్ర భటులు ఇల్లు మూసేస్తారు. నేనేం చెయ్యనురా భగవంతుడా!" అని వణికిపోయింది.

"నిన్నటి తోరణమే ఉంచెయ్యి. అడిగేదెవరు?" అన్నాడు వాడు.

చిన్నాలు అలాగే చేసింది. భటుడొచ్చాడు, నిన్నటి వంట తడిమాడు, "చల్లగా ఉండు తల్లీ" అని వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో చిన్నాలు ఇల్లూ పగిలింది. నాకు చిన్నాలంటే జాలే గానీ, ఆ జాలి వీధిని కాపాడలేకపోయింది. వేలమంది! వీధి నిండా ముళ్ళ టోపీలే! చీపుళ్ళ ఊపు తప్పింది. కనకం గొంతు గరగరలాడింది.

మూడోసారి ముల్లు తిరిగింది నూకాలు ఇంటి తాళంలో.

వాడు లోపలికి అడుగుపెట్టీ పెట్టగానే నూకాలుకు అర్థమైపోయింది. రెండిళ్ళు పగిలిన చప్పుడు ఆమె గోడలకు తగిలింది మరి. తోరణం కడితే తన ఇల్లు ఉండదు. కట్టకపోతే ముందుగా పగిలేది పక్కనున్న పైడి ఇల్లు. ఆలోచించడానికి అంతకంటే వ్యవధి లేదు.

నూకాలు ఏం చేసిందో చూడండి! మొట్టమొదట తన పొయ్యిలో నీళ్ళు పోసింది. బుస్సున పొగ లేచింది.

"ఏయ్, పొయ్యి ఆర్పావేం? నీకు మాత్రం ఆకలెయ్యదా?" అని వాడు గంతులేశాడు.

"నాకు ఆకలేస్తే నేను పడతాను. నువ్వు మాత్రం వండుకోవడానికి వీల్లేదు" అంది నూకాలు.

తర్వాత చేతికందినన్ని తాళంచెవులు వీధిలోకి విసిరింది. "దొంగ పడ్డాడు! నా ఇంట్లోనే పడ్డాడు! తలుపులు బిగించుకోండి! పొయ్యిలు తగ్గించుకోండి!" అని కేక మీద కేక. ఆ తాళంచెవులు ఇంటింటి తాళంలో టక్కు టక్కున కూర్చున్నాయి. ధన్, ధన్, ధన్! వీధి పొడవునా తలుపులు మూసుకున్నాయి. ముళ్ళ టోపీవాళ్ళు గుమ్మం గుమ్మం తిరిగారు. లోపల పొయ్యిలన్నీ నివురుగప్పి ఉన్నాయి. చొరబడ్డవాళ్ళకీ వంట సాగలేదు.

కొన్ని తాళంచెవులు నెత్తుటి ఏట్లో పడి కపాల కోట దాకా వెళ్ళాయి. మెదడు ఉలిక్కిపడింది. "నా రాజ్యంలో దొంగలా! రాజ్యమంతా వేడెక్కించండి!" అంది. కనకం ఒళ్ళు పెనంలా కాలింది. వాళ్ళమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఓలమ్మా, ఇదేం జ్వరమే! ఆ పుల్ల ఐసు తినొద్దంటే విన్నావా?" అంటూ తడిగుడ్డ కోసం పరుగెత్తింది. పాపం, జ్వరమంటే జబ్బనుకుంది. అది నూకాలు కేకకు రాజ్యం పలికిన జవాబు.

అప్పుడు నూకాలు ముల్లు పిసరొకటి విరిచి గుమ్మం వైపు నడిచింది. ముళ్ళ టోపీవాడు అడ్డుపడ్డాడు.

"పరువు పోతుంది!" అన్నాడు.

"దొంగతనానికొచ్చింది నువ్వు. పరువు నాదెందుకు పోతుంది?" అంది నూకాలు.

"భటులు చంపేస్తారు!"

"తెలుసు."

వాడు గొంతు మార్చాడు. "నూకాలూ, బేరం మాట్లాడుకుందాం. ఆ ముల్లు పారేస్తే నిన్ను వదిలేస్తాను. వేరే ఇల్లు చూసుకుంటాను."

"వేరే ఇల్లంటే?"

వాడు కిటికీ వైపు ఒకసారి చూశాడు.

ఆ చూపు చాలు. నూకాలు ముల్లుని తోరణం నడిమధ్యన, అందరికీ కనపడేటట్టు, గట్టిగా ముడివేసి కట్టింది.

కిటికీలోంచి పైడి చెయ్యి చాపింది. "అప్పా, ఆకలితో ఉన్నావు. ఇదిగో, కాస్త గంజి తాగు."

"వద్దమ్మా. కిటికీ మూసెయ్యి."

"కిటికీ మూస్తే నీకు ముద్ద పెట్టేదెవరు? మనం పుట్టినప్పటి నుంచీ దీన్ని మూసిందే లేదు!"

"నాకిచ్చిన ముద్ద వాడి పొయ్యికి కట్టెలవుతుందే పిచ్చిదానా! మూసెయ్యి. నేను గోడ తడుతూ ఉంటాను. తట్టినంతసేపూ ఉన్నాననుకో."

పైడి ఏడుస్తూ కిటికీ మూసింది. గోడ అవతల నుంచి టక్, టక్ మని చప్పుడు. పైడి గోడకు ఒళ్ళు ఆనించి కూర్చుంది.

ఒక భటుడు వచ్చి ముల్లు తడిమాడు. "ఇది నేను ఎరిగిన ఆకారం కాదు" అని సాగిపోయాడు. మరొకడు వచ్చాడు. "నేనూ ఎరగను" అన్నాడు. అదేమిటి, భటులై ఉండి దొంగని పట్టుకోరా అంటారేమో! ఆ రాజ్యపు భటుల తీరే అంత. ఒక్కొక్కరికి పుట్టుకతో ఒక్క ఆకారమే తెలుసు. తనదైన ఆకారం తగిలితే పులి, తగలకపోతే పిల్లి. ఈ ముల్లు ఎరిగినవాడు ఎక్కడున్నాడో ఏమో! లోపల నూకాలుకు ఓపిక తగ్గిపోతోంది. గోడ మీది చప్పుడు మెల్లబడుతోంది.

కానీ నూకాలు కేక విన్నవారు ఇంకొకరున్నారు. గంపల కొండమ్మ! ఆమె పని వీధులన్నీ తిరిగి, కింద పడ్డ పరాయి సరుకు ఏరి గంపలో వేసుకోవడం. నూకాలు తాళంచెవి తగలగానే గొంతుక వాడకు పరుగున వచ్చింది. పగిలిన ఇళ్ళ దగ్గర ముళ్ళు ఏరుకుంది. దవడ కింద భటుల శిబిరముంది. గంప ఎత్తుకుని ఒక్క ఉరుకున అక్కడికి చేరింది.

"ఈ ముల్లు ఎరిగినవారెవరయ్యా?" అని మొదటివాడిని అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు. "నువ్వయ్యా?" రెండోవాడూ అంతే. "నువ్వో?" ఇంకొకడు, ఆ పైన ఇంకొకడు! కాళ్ళు పడిపోతున్నా కొండమ్మ ఆగలేదు.

శిబిరం చివర ఒక మూల వీరన్న కూర్చుని ఉన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ అతని ఆకారం రాజ్యంలో ఎక్కడా తగలలేదు. తోటి భటులు అతన్ని ఆటపట్టించని రోజు లేదు. "ఒరే వీరన్నా, నీ దొంగ ఇంకా పుట్టలేదురా, పడుకో!" అనేవారు.

కొండమ్మ గంప దించింది. వీరన్న నిర్లిప్తంగా చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇదే!" అన్నాడు. మళ్ళీ తడిమాడు. "అమ్మోయ్, ఇదే! ఇదే నా ఆకారం! వచ్చాడు, నా దొంగ వచ్చాడు!"

వీరన్న సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఒక్క వీరన్న ఇద్దరయ్యాడు! ఇద్దరు నలుగురయ్యారు! నలుగురు ఎనమండుగురయ్యారు! చూస్తుండగానే శిబిరం నిండిపోయింది, గుడారాలు ఉబ్బిపోయాయి. కనకం వాళ్ళమ్మ దవడ కింద చెయ్యి పెట్టి, "బిళ్ళ కట్టింది" అంది. బిళ్ళ కాదమ్మా అది, వీరన్నల దండు! వేలమంది వీరన్నలు నెత్తుటి ఏట్లో దూకారు. దారి పొడవునా నూకాలు తాళంచెవులే వాళ్ళకు దారి చూపించాయి. ఎక్కడ అవి ఎక్కువగా తగిలితే అటు, ఇంకా ఎక్కువగా తగిలితే ఇంకా అటు!

గొంతుక వాడలో దిగారు. తోరణాలు తడిమారు. ఒక వీరన్న వీధి చివరికొచ్చి నూకాలు గుమ్మం మీద చెయ్యి వేశాడు. ముల్లు గుచ్చుకుంది.

లోపలినుంచి నూకాలు అడిగింది: "నీ ఆకారమేనా తమ్ముడా?"

"నాదే అప్పా." ఇంతసేపూ పొంగిపోయిన వీరన్న గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "కానీ నీ ఇల్లు... నేను మూసెయ్యాలి."

"ముల్లు కట్టినప్పుడే తెలుసు. పైడి ఇంట్లో వాడు పడ్డాడా?"

వీరన్న పైడి తోరణం తడిమి వచ్చాడు. "లేదు. సొంత వంటే."

"కిటికీ మూసే ఉందా?"

"మూసే ఉంది."

"అయితే ఇంకేం, కానియ్యి" అంది నూకాలు. ఆ మాటలో బెదురు లేదు.

వీరన్న తలుపు మీద చెయ్యి ఆనించి, ఇల్లు మూసే తాళంచెవి తిప్పాడు. గవరమ్మ ఇంటిలా ఆ ఇల్లు పగలలేదు. నూకాలు తన దూలాలు తానే దించుకుంది, గోడలు తానే మడుచుకుంది, సామానంతా చిన్న చిన్న మూటలు కట్టింది. ముళ్ళ టోపీవాడు "తలుపు తియ్యి, తలుపు తియ్యి" అని అరుస్తూనే ఆ మూటల్లో నలిగిపోయాడు. బయటికి ఒక్కడు కూడా రాలేదు!

పైడికి గోడ అవతల టక్ మని ఒక చప్పుడు వినపడింది. ఆ తర్వాత వినపడలేదు. పైడి గోడని గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. వీరన్న పక్కనే నిలబడి తానూ ఏడ్చాడు. భటుడైతే మాత్రం ఏడవకూడదా?

సాయంత్రానికి కనకానికి చెమటలు పోసి జ్వరం దిగింది. "అమ్మా, ఆకలేస్తోంది, మిరియాల చారుతో అన్నం పెట్టవే" అంది. గొంతుక వాడ ఇంటింటా మళ్ళీ పొయ్యిలు రాజుకున్నాయి. నూకాలు కట్టిన మూటలు విప్పి ఆ ఇటుకలే, ఆ దూలాలే ఇరుగుపొరుగు తమ ఇళ్ళకు వాడుకున్నారు. ఖాళీ అయిన చోట నేల అడుగునుంచి కొత్త ఇల్లు మొలకెత్తింది. పైడి దానికి చీపురు ఊపడం నేర్పింది. తోరణం కట్టడం నేర్పింది. మధ్య గోడలో చిన్న కిటికీ కూడా పెట్టించింది.

పని అయిపోయాక వీరన్నల్లో చాలామంది సెలవు తీసుకున్నారు. ఒకరిద్దరు మాత్రం ఉండిపోయారు. వాళ్ళు ఆ ముల్లు ఆకారాన్ని మరిచిపోలేదు. దానికి ఒక పేరు కూడా పెట్టారు. ఏం పేరో తెలుసా? నూకాలు ముల్లు!

మళ్ళీ వానలు వచ్చాయి. మళ్ళీ బడి, మళ్ళీ పుల్ల ఐసు. కనకానికి బుద్ధి వస్తే కథలెలా పుడతాయి? ముళ్ళ టోపీవాడు పాత దారినే గొంతుక వాడలోకి జారాడు, ఒక తాళంలో ముల్లు పెట్టాడు. ఆ ఇంటి కొత్త ఇల్లాలు వెంటనే ముల్లు పిసరు తెచ్చి గుమ్మానికి కట్టి, వీధంతా వినపడేలా కేకేసింది. ఈసారి భటుల కోసం ఎవరూ వెతకనక్కర్లేకపోయింది.

"నూకాలు ముల్లు! నూకాలు ముల్లు!" అంటూ వీరన్నలు అప్పటికే వీధిలో ఉన్నారు.

కనకం ఒక్కసారి తుమ్మింది. ముక్కు తుడుచుకుని తొక్కుడుబిళ్ళ ఆటలోకి పరుగెత్తింది. తన గొంతులో ఏం జరిగిందో ఆ పిల్లకు ఈనాటికీ తెలియదు. మీకు తెలిసింది, చాలు. కథ గొంతు దిగింది, ఇక ముద్ద దిగాలి, అన్నాలకు లేవండి.

ఇంట్లో కీడు పుడితే పరువు కోసమో, భయంతోనో దాచినవారు ఊరంతటినీ ముంచుతారు; నిజాన్ని తమ గుమ్మానికే కట్టి నలుగురికీ చెప్పినవారు తాము లేకపోయినా ఊరిని నిలబెడతారు.